డబ్బా మీద పేరు

మా అమ్మ వంటింట్లో డబ్బాలన్నిటి మీద పేర్లు రాసి పెడుతుంది. 'ఉప్పు' అని ఉంటే లోపల ఉప్పే ఉందని నమ్మి కూరలో వేసేస్తాం. కంప్యూటర్లో వేరియబుల్ కూడా అలాంటి డబ్బానే. పైన పేరు, లోపల విలువ.

పోయిన వానాకాలం చంద్రపూర్‌లో ఒకరోజు కరెంటు పోయి వచ్చింది. ఆ తర్వాత మా బడి ల్యాబ్‌లో ఒక పాత లినక్స్ కంప్యూటర్‌కి నెట్ రాలేదు. కేబుల్ మార్చి చూశాం, లాభం లేదు. చివరికి సార్ నెట్‌వర్క్ ఫైల్ తెరిచారు. ఐపీ అడ్రస్ లైన్లో 'ఈక్వల్' గుర్తుకి అటూ ఇటూ ఖాళీ ఉంది. ముందురోజు ఆ లైను రాసింది నేనే! లెక్కల నోట్సులో రాసినట్టు రాశాను. ఖాళీ వస్తే షెల్ మొదటి మాటను ఆదేశం అనుకుంటుంది. అలాంటి ఆదేశం లేదు కాబట్టి అడ్రస్ డబ్బా ఖాళీగా ఉండిపోయింది. సిగ్గుపడుతూనే అడిగాను, ఒక్క ఖాళీకి ఇంత పట్టింపు ఎందుకని. అప్పుడు సార్ ఈ చరిత్ర చెప్పారు.

1979లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్ నుంచి యునిక్స్ ఏడవ వెర్షన్ వచ్చింది. అందులోని షెల్ రాసినవారు స్టీఫెన్ బోర్న్. వేరియబుల్‌కి పేరు పెట్టడం, దాన్ని వేరే ప్రోగ్రాములకు 'ఎక్స్‌పోర్ట్' చేయడం అందులో ఉన్నాయి. మెషిన్ ఆన్ కాగానే చేయాల్సిన పనులనూ షెల్ స్క్రిప్టులుగానే రాసేవారు. నెట్‌వర్కులు వచ్చాక ఒక్కో మెషిన్‌కి ఒక్కో అడ్రస్ కావాలి. అందుకని స్క్రిప్టు అందరికీ ఒకటే ఉంచి, మారే సంగతులను వేరే ఫైల్లో వేరియబుల్స్‌గా పెట్టారు. రెడ్ హ్యాట్ లినక్స్, ఫ్రీబీఎస్‌డీ ఈ దారిలోనే నడిచాయి.

1989లో బ్రయాన్ ఫాక్స్ బాష్ షెల్ రాశారు. దానిలో దాగిన ఒక తప్పు 25 ఏళ్లు ఎవరికీ తెలియలేదు. 2014లో స్టెఫాన్ షాజెలాస్ కనిపెట్టారు. ఆ సెప్టెంబర్ 24న లోకానికి తెలిసింది. దాని పేరు షెల్‌షాక్. వేరియబుల్ విలువ చివర ఎవరైనా ఆదేశం తగిలిస్తే, బాష్ దాన్ని కూడా నడిపేసేది! కంప్యూటర్ ఆన్ కాగానే నెట్‌వర్క్‌ని అడ్రస్ అడుగుతుంది కదా, దీన్నే డీహెచ్‌సీపీ అంటారు. వచ్చిన జవాబు వేరియబుల్స్‌గా స్క్రిప్టుకి చేరుతుంది. జవాబిచ్చేవాడు దొంగైతే, స్క్రిప్టు బాష్‌లో నడిస్తే, కంప్యూటర్ వాడి చేతిలోకే పోయేది.

2010లో మొదలైన సిస్టమ్‌డీ ఈ పనులు చాలావాటిని స్క్రిప్టుల నుంచి తప్పించింది. అయినా పాత ఫైళ్లు మా ల్యాబ్‌లాంటి చోట్ల ఇంకా ఉన్నాయి.

నా తప్పుకి ఒక్క కంప్యూటర్ ఆగింది, అంతే. కానీ ఒకటి నేర్చుకున్నాను. డబ్బా మీద పేరు సరిగ్గా రాస్తే చాలదు, లోపల ఎవరు ఏం పోశారో కూడా చూసుకోవాలి.