చెన్నపట్నమున పుట్టిన తెలుగు ఇంజనీరు: అయ్యలసోమయాజుల లలిత

స్వరాష్ట్రమునకు వెలుపల తరతరములుగా స్థిరపడిన తెలుగు కుటుంబములవారము మన పూర్వులను తలచుకొనునప్పుడు, గుడులు కట్టించినవారిని, సత్రములు నిలిపినవారిని, వర్తకమున పేరు గడించినవారిని చెప్పుకొందుము. మన ఆడపడుచుల చరిత్ర మాత్రము తరచుగా ఇంటి గడపలోపలనే నిలిచిపోవుచుండును. అట్టి చరిత్రలలో నొకదానిని ఈ సంచికలో పాఠకులకు విన్నవింపవలెనని మేము తలచితిమి.

కందుకూరి వీరేశలింగము పంతులుగారు చెన్నపట్నమున కన్నుమూసినది 1919 మే 27వ తేదీన. సరిగా మూడు నెలలకు, ఆగస్టు 27న, ఆ పట్నమునందే ఒక తెలుగు ఇంట లలిత జన్మించెను. తండ్రి పప్పు సుబ్బారావుగారు గిండీ ఇంజనీరింగు కళాశాలలో విద్యుచ్ఛాస్త్రము బోధించు ఆచార్యులు. ఏడుగురు సంతానములో ఈమె అయిదవది. 1934లో, 15వ యేట, వివాహమయ్యెను. 1937లో కూతురు పుట్టిన నాలుగు నెలలకే భర్త మరణించెను. అప్పటికి లలిత వయస్సు 18 సంవత్సరములు. పంతులుగారు రాజమహేంద్రవరమున తొలి వితంతు వివాహము జరిపించి అప్పటికి 56 ఏండ్లు గడచినవి. అయినను మన కుటుంబములలో చిన్నవయస్సున భర్తను పోగొట్టుకొన్న స్త్రీ బ్రతుకు ఎట్లుండెడిదో, పెద్దలు చెప్పగా విన్నవారికి వేరుగా వివరింప నక్కరలేదు.

లలిత మరల వివాహమాడలేదు. మూల గదిలో కూర్చుండనూ లేదు. క్వీన్ మేరీస్ కళాశాలలో చేరి ఇంటర్మీడియెట్ పరీక్ష మొదటి తరగతిలో నెగ్గెను. ఆ కాలమున ఉన్నతవిద్య కోరు స్త్రీకి వైద్యము తెరచియున్న దారి. కాని వైద్యురాలికి అర్ధరాత్రి పిలుపు వచ్చును. పసిబిడ్డను విడిచి పోవలెను. వేళకు పోయి వేళకు ఇల్లు చేరు ఉద్యోగము ఆమెకు కావలసియుండెను. ఇంజనీరింగు వైపు ఆమె చూచుటకు తండ్రి వృత్తి ఒక కారణము. ఉయ్యాలలోని బిడ్డ మరియొక కారణము.

గిండీ కళాశాలలో అంతవరకు స్త్రీలు చదివి యుండలేదు. సుబ్బారావుగారు కళాశాల ప్రిన్సిపాలు చాకోగారితోను, విద్యాశాఖ డైరెక్టరు స్టాథముగారితోను మాటలాడిరి. వారిరువురును అంగీకరించిరి. వందలకొలది పురుష విద్యార్థుల నడుమ ఒంటరిగా ఆమె విద్యుచ్ఛాఖలో చేరెను. ఆ ఒంటరితనము తీరుటకై, కళాశాల స్త్రీలను చేర్చుకొనుచున్న సంగతి సుబ్బారావుగారు పదుగురికి తెలియజేసిరి. అంతట లీలమ్మ జార్జి, పి. కె. త్రేసియా అను ఇద్దరు సివిలు శాఖలో చేరిరి. ఈ త్రేసియాగారే 1971లో కేరళ రాష్ట్రమున చీఫ్ ఇంజనీరైరి. 1944 నాటి లలిత పట్టముపై, 'అతడు' అను అర్థముగల ఆంగ్లపదము ముందే అచ్చయి యుండెను. దానిని కొట్టివేసి కలముతో 'ఆమె' అని దిద్దిరి. స్త్రీ వచ్చునని ఆ కాగితము అచ్చువేసినవారు ఊహింపలేదు.

ఇంజనీరింగు పట్టము పొందిన తొలి భారతీయ మహిళలలో ముఖ్యురాలిగా లలితను లోకము కొనియాడుచున్నది. అది సబబే. కాని మా దృష్టిలో అంతకన్న మిన్నయైనది మరొకటి కలదు. కుదురుకొన్న ఉద్యోగమునుండి లేచి, మరల క్రొత్తచోట మొదలుపెట్టగల ధైర్యమామెకు ఉండెను.

జమాల్పూరు రైల్వే కర్మాగారమున శిక్షణ ముగించి, ఆమె సిమ్లాలోని కేంద్ర ప్రమాణముల సంస్థలో ఉద్యోగమున చేరెను. అది ప్రభుత్వోద్యోగము, సోదరుని ఇల్లును అచ్చటనే. ఇంతకన్న భద్రత ఏమి కావలెనని ఎవరైనను అనియుందురు. 1946 తరువాత ఆమె దానిని విడిచి, తండ్రి పరిశోధనలకు తోడ్పడుటకు చెన్నపట్నము వచ్చెను. విద్యుచ్ఛక్తితో పలుకు ఒక సంగీత వాద్యమును, పొగలేని పొయ్యిలను సుబ్బారావుగారు రూపొందించుచుండిరి. ఆ పని మనస్సునకు నచ్చినదే గాని సంసారమునకు చాలినంత రాబడి నిచ్చునది గాదు. బిడ్డను పెంచవలసిన తల్లి దానినే పట్టుకొని కూర్చుండలేదు. 1948లో కలకత్తాలోని అసోసియేటెడ్ ఎలెక్ట్రికల్ ఇండస్ట్రీస్ కంపెనీలో చేరెను. చెన్నపట్నమున గడచిన కొలది నెలలను ఆమె ఓటమిగా ఎంచి క్రుంగి యున్నచో ఈ మూడవ అడుగు పడియుండెడిది గాదు.

కలకత్తాలో ఆమె పని విద్యుత్ సరఫరా మార్గములకు నమూనాలు గీయుట, సబ్‌స్టేషనులలో ఏ యంత్రమెచ్చట నుండవలెనో నిర్ణయించుట. ఆనకట్టవద్ద పుట్టిన విద్యుత్తు మిక్కిలి అధికమైన వోల్టేజీతో దూరము పయనించి, సబ్‌స్టేషనులో తగ్గింపబడి ఊళ్లకు చేరును. ఈ అమరికలో తప్పు దొరలినచో ప్రాణములకే అపాయము. సట్లెజ్ నదిపై వెలసి, 1963లో జాతికి అంకితమైన భాక్రా నంగల్ ఆనకట్ట పనిలోను ఆమె శ్రమ చేరియున్నది. లండనులోని విద్యుత్ ఇంజనీర్ల సంస్థ 1953లో ఆమెను అసోసియేటు సభ్యురాలిగను, 1966లో పూర్తి సభ్యురాలిగను చేర్చుకొనెను. 1964లో న్యూయార్కున జరిగిన తొలి అంతర్జాతీయ మహిళా ఇంజనీర్ల, శాస్త్రజ్ఞుల మహాసభకు ఆమె హాజరయ్యెను. 1977లో ఉద్యోగవిరమణ చేసి, 1979 అక్టోబరు 12న, 60 ఏండ్ల వయస్సున కన్నుమూసెను.

ఈ ధైర్యమంతయు ఆమె ఒక్కతెదియే అని మేము చెప్పము. తండ్రి తలుపు తట్టెను. సోదరుల ఇండ్లు నీడనిచ్చినవి. ఆమె చదువునకును పనికిని పోయినప్పుడు బిడ్డ నెత్తుకొన్న చేతులు కుటుంబములో నుండెను. ఆ చేతులవారి పేర్లు ఏ పట్టముపైనను అచ్చుకాలేదు.

నేడు మన ఇండ్లలోని కుమార్తెలు, కోడండ్రు కంప్యూటరు కంపెనీలలోను, కర్మాగారములలోను పని చేయుచున్నారు. వారిలో నొకరు చేతనున్న ఉద్యోగము విడిచి క్రొత్తది చేపట్టెదనన్నచో, మనము మొదట అడుగు ప్రశ్న, 'ఉన్నది పోగొట్టుకొందువా?' అని. ప్రశ్న తప్పు గాదు. లలితయు లెక్క చూచుకొనియే అడుగు వేసెను. కాని దానితోపాటు, 'నీవు పోయివచ్చువరకు బిడ్డను మేము చూచుకొందుము' అను మాటయు మన నోట రావలెను. 1937లో ఒక తెలుగు ఇంట ఆ మాట పలుకగలిగినవారుండిరి. తరువాతి తరముల మనకు అది కష్టము కాగూడదు.