పొలం ఇంజనూ పడవ ఇంజనూ ఒక కడుపున పుట్టినవే

ఉభాల టైములో గెడ్డ గట్టున ఆయిల్ ఇంజన్ నాలుగుసార్లు దగ్గి ఆగిపోతే మన మడి ఎండుతాది. అలాంటి ఇంజనే బారువ దగ్గరో, చింతపల్లి దగ్గరో సముద్రం మీద ఆగిపోతే పడవలో ఉన్నోళ్ళ ప్రాణం మీదికొస్తాది. రెండు చోట్లా రోగం చాలాసార్లు ఒకటే, డీజిల్ నాజిల్ దాకా సరిగ్గా అందదు. ఎందుకో తెలియాలంటే కాస్త వెనక్కి వెళ్ళాలి.

జర్మనీలో రుడాల్ఫ్ డీజిల్ గారి ఇంజన్ 1897లో సక్రమంగా నడిచింది. అయితే అప్పట్లో నూనెను సిలిండర్లోకి కొట్టాలంటే కంప్రెసర్ గాలి కావాలి. అంత బరువు ఫ్యాక్టరీ మోస్తాది, పెద్ద ఓడ మోస్తాది, మన నావ ఎక్కడ మోస్తాది? 1927లో బాష్ కంపెనీ చిన్న ఇంజెక్షన్ పంపు తయారీ మొదలెట్టాక దారి తెరుచుకుంది. ఇంగ్లండులో లిస్టర్ వాళ్ళ నిమిషానికి 650 చుట్ల ఇంజన్ ఆ తర్వాతదే. దాన్ని చూసి మన రాజ్‌కోట్‌లో లెక్కలేనన్ని నకళ్ళు పోశారు. పుణెలో కిర్లోస్కర్ ఆయిల్ ఇంజన్స్ 1946లో, పంపులూ నాజిళ్ళూ చేసే మైకో 1951లో మొదలయ్యాయి. మన షెడ్లలో ఉన్న పాత ఇంజన్లు చాలామట్టుకు ఈ చుట్టరికంలోనివే.

ఆ పంపు లోపల ఏటుందంటే, ఒక గొట్టంలో ఒక ప్లంజర్. రెండింటి మధ్య సందు వెంట్రుక మందంలో ఇరవయ్యో వంతు కూడా ఉండదు. ప్లంజర్ పైకి తన్నితే డీజిల్ నలగదు కాబట్టి ఒత్తిడి ఒక్కసారిగా పెరిగి నాజిల్ తెరుచుకుంటాది. గాలి అలా కాదు, నొక్కితే నలిగిపోతాది. లైనులో గాలి బుడగ ఉంటే ప్లంజర్ ఎంత తన్నినా ఆ బుడగే నలుగుతూ ఉంటాది, నాజిల్ తెరుచుకోదు. గాలి పట్టేసింది అని మనం అనేది ఇదే. పైగా ఆ సందుకి చమురు డీజిలే. చవకని కిరసనాయిలు కలిపినోళ్ళ పంపులు ముందు అరిగిపోవడానికి కారణం అదే.

పడవల్లోకి ఇంజన్ రావడం వేరే కథ. కేరళలో నార్వే వాళ్ళ సాయంతో 1950ల్లో మరపడవలు మొదలయ్యాయి. మన శ్రీకాకుళానికి సుమారు 193 కిలోమీటర్ల తీరం ఉన్నా పడవ నిలబెట్టుకోడానికి హార్బరేదీ? అలలు దాటి నేరుగా ఇసుక మీదికి ఎక్కాలి, అందుకే తెప్పలే చాన్నాళ్ళు నడిచాయి. 1979లో మొదలైన బే ఆఫ్ బెంగాల్ ప్రోగ్రాం వాళ్ళు ఇలాంటి తీరాలకని, ఒడ్డు తగిలేటప్పుడు ఫ్యాను పైకి లేపుకునే చిన్న డీజిల్ పడవలు చేసి చూశారు. పెద్ద బోట్ల మీద పని కావలసినోళ్ళు విశాఖకీ, గుజరాత్ వెరావల్‌కీ వలస పోయారు, ఇప్పటికీ పోతున్నారు.

ఇక్కడే అసలు తేడా ఉంది. మన ఇంజనుకి ట్యాంకు పైనుంటాది, డీజిల్ దానంతటదే దిగుతాది. ఎక్కడైనా వాసర్ పోతే కింద చుక్కలు కారి పట్టించేస్తాది. బోటులో ట్యాంకు చాలాసార్లు కిందుంటాది, ఫీడు పంపు పీల్చుకోవాలి. ఆ పీల్చే పైపులో సందు పడితే బయటికి చుక్క రాదు, లోపలికి గాలి పోతాది. పైకి చూస్తే అంతా పొడిగా, శుభ్రంగా కనబడతాది. పాత బోటు ఇంజన్ల దగ్గర మెకానిక్కులు ఎక్కువ తిప్పలు పడేది దీనితోనే అని నా లెక్క.

కాసేపు బాగా నడిచి ఆగిపోతుంటే ముందు ట్యాంకు మూత వదులు చెయ్యండి. బుస్సుమని గాలి లోపలికి లాగితే మూత బెజ్జం పూడిపోయినట్టే, పంపు జోలికి పోనక్కరలేదు. తర్వాత ఫిల్టర్ గిన్నె అడుగు చూడండి, నీళ్ళు అక్కడే చేరతాయి. సగం ఖాళీ ట్యాంకు రాత్రంతా ఉంటే లోపలి గోడలకి చెమ్మ పడతాది. ఉప్పుగాలి తగిలే బోట్లకి ఇదో పెద్ద పీడ. ఆ రెండూ బాగుంటే ఫిల్టర్ దగ్గర, ఆ తర్వాత పంపు దగ్గర గాలి మర వదిలి, బుడగలు ఆగి డీజిల్ గట్టి ధారగా వచ్చేదాకా ఉంచి బిగించండి. వరస మారిస్తే గాలి మళ్ళీ ముందుకొస్తాది. నాజిల్ పైపు నట్టు వదిలి చూసేటప్పుడు మాత్రం వేలు అడ్డం పెట్టొద్దు, ఆ ఒత్తిడికి డీజిల్ చర్మంలోకి దిగిపోతాది, అలా దిగితే వెంటనే ఆసుపత్రికి పరిగెత్తాలి. మర విప్పిన ప్రతిసారీ రాగి వాసర్ కొత్తది వెయ్యండి.