ఆముదం నుంచి అత్తమ్మ సీసా దాకా

కొన్ని సంగతులు మనం అక్కాచెల్లెళ్లతో కూడా సగమే చెప్పుకుంటాం. మలబద్ధకం అలాంటిదే. ఈరోజు దాని గురించే రాస్తున్నాను.

మామయ్యకు బొగ్గుబాయిలో పని దొరికాక అత్తమ్మ గోదావరిఖనికి కొత్త కోడలుగా వచ్చింది. అప్పటికి క్వార్టర్ రాలేదు, గుడిసెలో కాపురం. మరుగుదొడ్డి లేదు. తెల్లారకముందే చెంబు పట్టుకొని తుప్పల్లోకి పోవాలి, లేదంటే చీకటిపడేదాకా ఆపుకోవాలి. మామయ్యకు ఫస్ట్ షిఫ్ట్ ఉంటే తెల్లవారుజామునే డబ్బా కట్టాలి కాబట్టి ఆ వేళ కూడా పోయేది. 1952 గనుల చట్టం గనుల్లో ఆడవాళ్లకూ మగవాళ్లకూ వేర్వేరుగా మరుగుదొడ్లు ఉండాలంది. ఆ చట్టం గని గేటు దాటి గుడిసెల దాకా రాలేదు.

ఆపుకున్నకొద్దీ పెద్దపేగు మలంలోని నీటిని పీల్చేస్తుంది, మలం గట్టిపడుతుంది. కొన్నాళ్లకు వస్తున్నట్టు తెలియడం కూడా తగ్గిపోతుంది. అత్తమ్మకు అదే జరిగింది.

ఆమెకు తెలిసిన మందు ఆముదం, అది కుదరకపోతే సునాముఖి ఆకు. రెండూ పేగును రెచ్చగొట్టి కదిలించేవే. తర్వాత వచ్చిన బిళ్లల్లోనూ చాలావాటిది ఇదే పద్ధతి. హంగేరీలో 1902లో వైన్‌లో కలపడానికి పరీక్షిస్తుంటే ఫినాల్ఫ్తలీన్‌కు విరేచనం చేసే గుణం ఉందని బయటపడింది. ప్రపంచమంతా దశాబ్దాలపాటు వాడింది. జంతువుల్లో క్యాన్సర్ అనుమానం రావడంతో 1999లో అమెరికా దాన్ని మందుల షాపుల నుంచి తీసేయించింది.

ఇంకో దారి కూడా ఉంది. పాలలోని చక్కెరను మార్చి చేసే లాక్టులోజ్ 1930 నాటికే శాస్త్రవేత్తలకు తెలుసు. 1950ల చివర ఆస్ట్రియా డాక్టర్లు దాన్ని మలబద్ధకానికి వాడి చూశారు. అది రక్తంలోకి దాదాపుగా పోదు. పెద్దపేగులోకి చేరి, అక్కడికి నీటిని లాగి మలాన్ని మెత్తబరుస్తుంది.

అంటే అత్తమ్మ కాపురానికి రాకముందే మందు ఉంది. ఆమె ఆ మాట ఎవరికీ చెప్పలేదు.

ఆరేళ్ల కింద మోకాళ్ల నొప్పులకని తీసుకెళ్తే, డాక్టరమ్మ విరేచనం సాఫీగా అవుతుందా అని అడిగింది. అత్తమ్మ నా వైపు చూసి, తల వంచుకొని, "నలభై ఏండ్లాయె డాక్టరమ్మా, సక్కగ కాక" అంది. పక్కనే పద్దెనిమిదేళ్లుగా ఉన్న నాకు ఆ రోజే తెలిసింది.

డాక్టరమ్మ ఆమె వేసుకునే మందులన్నీ చూసింది. రక్తం తక్కువని ఇచ్చిన ఐరన్ బిళ్లలు కూడా మలాన్ని గట్టిపరుస్తాయట. వాటిని మార్చి, లాక్టులోజ్ సీసా రాసింది. ఒకటి రెండు రోజులు పడుతుందని, మొదట్లో కడుపుబ్బరం రావచ్చని, నీళ్లు బాగా తాగమని చెప్పింది. "గింత తియ్యగున్నది, ఇదేం మందు" అని అత్తమ్మ నమ్మలేదు. మూడో రోజు పొద్దున బయటికి వచ్చి, "చాయ్ పెట్టు బిడ్డా" అంది. అంతే.

మీ అమ్మను, అత్తమ్మను ఒకసారి పక్కన కూర్చోబెట్టుకొని అడగండి. రక్తం పడుతున్నా, బరువు తగ్గుతున్నా, కొత్తగా ఇబ్బంది మొదలైనా సొంతంగా బిళ్లలు కొనివ్వకుండా డాక్టరుకు చూపించండి.