కారు అద్దాలకు ఇంట్లో ఫిల్మ్ అతికించడం

కారు కిటికీ అద్దాలకు లోపలివైపు పలుచని ప్లాస్టిక్ ఫిల్మ్‌ను యజమానే అతికించుకునే పని ఇది. సబ్బునీళ్లు చల్లి, ఫిల్మ్‌ను జరిపి సరిచేసి, రబ్బరు పలకతో నీటిని బయటికి తోసేయడం ఓపికుంటే పట్టుబడుతుంది. దుమ్ము మిగిలితే మాత్రం బుడగలు తేలతాయి. అసలు చిక్కు లెక్కలో ఉంది. కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు, 1989 ప్రకారం ముందు, వెనుక అద్దాల గుండా కనీసం 70 శాతం, పక్క అద్దాల గుండా 50 శాతం వెలుతురు రావాలి. చూడవలసింది ఫిల్మ్ ఒక్కదాన్నే కాదు, అద్దమూ ఫిల్మూ కలిసి ఎంత వెలుతురు పంపుతాయన్నది. 75 శాతం పంపే అద్దానికి 60 శాతం ఫిల్మ్ వేస్తే వచ్చేది 45 శాతమే. ప్యాకెట్ మీది అంకెను నమ్మి కొన్నవారు ఇక్కడే దెబ్బతింటారు.

2012లో సుప్రీంకోర్టు ఫిల్ములను నిషేధించింది కదా అని అడగవచ్చు. ఆ తీర్పు నాటి నిబంధన మాటల మీద నిలిచింది. తర్వాతి సవరణ ప్లాస్టిక్ పొర ఉన్న భద్రతా అద్దాలను చేర్చింది. 2024లో కేరళ హైకోర్టు పరిమితికి లోబడిన ఫిల్మ్ చెల్లుతుందని చెప్పింది. అయితే ఆ మాట ఇతర రాష్ట్రాల హైకోర్టులను కట్టిపడేయదు. ఎండకు నలుపే కావాలన్న వాదన అసలే నిలవదు: ఎండ శక్తిలో దాదాపు సగం కంటికి కనబడని పరారుణ కిరణాలే, వాటిని ఆపే సిరామిక్ ఫిల్మ్ లేత రంగులోనూ దొరుకుతుంది.