ఇరుగుపొరుగు దీవుల తొలి బడి

మారిషస్, రియూనియన్ దీవులు రెండింటికిని చెఱకు తోటలలో పనిచేయుటకు మన పూర్వులు వచ్చిరి. 1828లోనే యానాము నుండి కొందరు రియూనియన్ చేరిరి.

ఆ దీవి 1946లో ఫ్రాన్సు దేశపు జిల్లా యయ్యెను. ఫ్రాన్సు చట్టము ననుసరించి 2019 నుండి అచ్చట మూడేండ్ల బిడ్డకు చదువు నిర్బంధము. బడులు తెరచువేళ అల్పాదాయ కుటుంబములకు ధనసహాయమును లభించును.

1968లో స్వతంత్రమైన మన దీవి వేఱొక బాట త్రొక్కెను. ఇచ్చట 1977లో మాధ్యమిక విద్య ఉచితమయ్యెను. 2005లో విద్యార్థులకు బస్సు ప్రయాణమును, 2019లో ప్రభుత్వ సంస్థలలో తొలి పట్టవిద్యయు ఉచితములయ్యెను. శిశువిద్య మాత్రము చిరకాలము పెక్కు తల్లిదండ్రులకు ఖర్చుగనే యుండెను. 2024లో గాని ఆ భారము తొలగలేదు.

అయినను మన బడులలో తెలుగు అక్షరము నిలిచినది. రియూనియన్‌లోని తెలుగు సంతతి ఇండ్లలో ఆ భాష నిలువలేదు. కావున సోదరీసోదరులారా, పసిబిడ్డను వేళకు బడికి పంపుడు. పిదప తెలుగు తరగతిలో తప్పక చేర్పింపుడు.