హుకుంపేట అని రాస్తే ఎన్ని బైట్లు?

ఫోన్లో హుకుంపేట అని టైప్ చేయండి. కంటికి నాలుగు అక్షరాలే: హు, కుం, పే, ట. కానీ ఫైల్లో అది 24 బైట్లు తీసుకుంటుంది. ఎందుకో తెలియాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి.

1963లో అమెరికాలో వచ్చిన ఆస్కీ పట్టికలో ఉన్నవి 128 గళ్లే. ఇంగ్లిష్‌కి చాలు. బైట్‌లో 256 గళ్లు పడతాయి కదా, ఆ మిగిలిన సగంలో తర్వాత ఎవరికి నచ్చింది వాళ్లు పెట్టుకున్నారు.

మన దగ్గర ఒక దారి ఇస్కీ. 1991లో ఐఎస్ 13194 పేరుతో జాతీయ ప్రమాణం అయింది. మన లిపులు చాలావాటికి ఒకటే పట్టిక: 179వ గడి అంటే 'క'. ముందు తెలుగు అని చెబితే తెలుగు క, హిందీ అంటే హిందీ క. భలే ఆలోచన! కానీ జనంలోకి పెద్దగా వెళ్లలేదు.

వెళ్లింది డీటీపీ షాపుల దారి. పెళ్లి కార్డులు, కరపత్రాలు, పుస్తకాలు, అన్నీ అను లాంటి ఫాంట్లతోనే. ఆ ఫైళ్లలో నిజానికి తెలుగు ఉండదు. ఇంగ్లిష్ అక్షరాల, గుర్తుల నంబర్లకే తెలుగు బొమ్మలు తొడిగారు. ప్రింట్‌కి బ్రహ్మాండం. ఆ ఫాంట్ లేని మెషీన్‌లో తెరిస్తే మాత్రం పిచ్చి రాతలు. పదం వెతకడం కూడా కుదరదు.

తెలుగుకైతే అచ్చు కాపీలు బోలెడు ఉంటాయి, నష్టం కొంత తట్టుకోవచ్చు. మన్యంలో మాట్లాడే కువి సంగతి వేరు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2000ల మొదట్లో బహుభాషా విద్య కింద కువి, కొండ, ఆదివాసీ ఒరియా లాంటి 8 గిరిజన భాషలకు తెలుగు లిపిలోనే బడి పుస్తకాలు తయారుచేశారు. అలాంటి భాషలో ఒక్క ఫైల్ చదవలేకుండా పోయినా, ఆ మాటలు ఇంకెక్కడా రాసి ఉండకపోవచ్చు.

1991లోనే యూనికోడ్ తొలి వెర్షన్ వచ్చింది, అందులో తెలుగు ఉంది. మన లిపుల వరుస ఇస్కీ నుంచే తీసుకున్నారు. 1992లో కెన్ థాంప్సన్, రాబ్ పైక్ యూటీఎఫ్-8 తయారుచేశారు. ఇందులో ఆస్కీ అక్షరానికి ఒక బైట్, తెలుగు గుర్తుకి మూడు. హుకుంపేటలో హ, ఉకారం, క, మళ్లీ ఉకారం, సున్నా, ప, ఏకారం, ట. ఎనిమిది మూళ్లు 24. యూటీఎఫ్-16లో 16 బైట్లే, నిజమే. కానీ అందులో బైట్ల వరుస రెండు రకాలుగా ఉంటుంది, అదో తలనొప్పి. ఆ ఎనిమిది బైట్ల కోసం నేనైతే బేరం ఆడను.

కాబట్టి మీ ఊళ్లో కువి మాటల పట్టిక యాప్ కోసం చేస్తుంటే, యూటీఎఫ్-8లో జేసాన్ పెట్టండి. 2017 నాటి జేసాన్ ప్రమాణం కూడా వేర్వేరు సిస్టమ్‌ల మధ్య పంపేటప్పుడు యూటీఎఫ్-8 తప్పనిసరి అంటుంది. సీఎస్‌వీ కూడా ఓకే. ఎక్సెల్‌లో సేవ్ చేసేటప్పుడు యూటీఎఫ్-8 అని రాసి ఉన్న సీఎస్‌వీనే ఎంచుకోండి. తెరిచినప్పుడు నెత్తిన గీత ఉన్న ఇంగ్లిష్ ఏ, పక్కన డిగ్రీ గుర్తు వరసగా కనిపిస్తే కంగారుపడి ఫైల్ తీసేయకండి. డేటా చెడిపోలేదు, ఎక్సెల్ వేరే పట్టికతో చదువుతోంది. సేవ్ కొట్టకుండా మూసేసి, డేటా ఇంపోర్ట్‌లో యూటీఎఫ్-8 ఎంచుకుని మళ్లీ తెరవండి.