కొత్త ఫ్లాటుకు నల్లా, డ్రైనేజీ కనెక్షన్: రిజిస్ట్రేషన్‌కు ముందే తేల్చుకోవాల్సిన విషయాలు

హైదరాబాద్ శివార్లలో ఫ్లాట్ చూడ్డానికి వెళ్తే బ్రోచర్‌లో ‘మంచినీటి సౌకర్యం, అండర్‌గ్రౌండ్ డ్రైనేజీ’ అన్న మాట తప్పకుండా కనిపిస్తుంది. సైట్ దగ్గరున్న సేల్స్ కుర్రాడిని అడిగితే, ‘జలమండలి లైన్ రోడ్డు మీదికి వచ్చేసింది అన్నా, కనెక్షన్ రెండు నెలల్లో వచ్చేస్తది’ అంటాడు. గల్ఫ్‌లో ఏళ్ల తరబడి కష్టపడి పంపిన డబ్బో, బంగారం అమ్మిన సొమ్మో, బ్యాంకు లోనో పెట్టి ఫ్లాట్ కొంటారు. ఇంట్లో దిగాక గానీ అసలు సంగతి తెలియదు. రోడ్డు మీద లైన్ ఉన్నంత మాత్రాన ఇంట్లో నల్లా రాదు. పైపు వేసినంత మాత్రాన మురుగు బయటికి పోదు.

కొనేవాళ్లు అడగాల్సిన ప్రశ్నలు నిజానికి రెండే. నీళ్లు ఎక్కడ్నుంచి వస్తాయి? మురుగు ఎక్కడికి పోతుంది? రిజిస్ట్రేషన్‌కు ముందు అడిగితే ఈ రెండూ బిల్డర్ తేల్చాల్సిన విషయాలు. తర్వాత అడిగితే తిరగాల్సింది, ఖర్చు పెట్టాల్సింది ఫ్లాటులో ఉంటున్నవాళ్లే. అందుకే కనెక్షన్ ఎలా వస్తుంది, చట్టం ఏమంటోంది, ఏ కాగితాలు చూడాలి అన్నది వివరంగా చూద్దాం.

జలమండలి పరిధి ఎంతవరకు?

హైదరాబాద్‌లో మంచినీరు, మురుగునీటి పారుదల రెండూ చూసేది హైదరాబాద్ మహానగర మంచినీటి సరఫరా, మురుగునీటి పారుదల బోర్డు. అందరూ జలమండలి అని పిలిచేది దీన్నే. 1989లో చేసిన ప్రత్యేక చట్టంతో ఇది ఏర్పడింది. అప్పటికి ప్రధానంగా పాత నగరం, దాని చుట్టుపక్కల కాలనీలే ఉండేవి. నగరం పెరిగేకొద్దీ నీటి సరఫరా ఔటర్ రింగ్ రోడ్డు వరకు విస్తరించింది.

ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాలు నిజాం కాలంలో కట్టినవి. తర్వాత మంజీరా, సింగూరు నీళ్లు వచ్చాయి. ఇప్పుడు నగరం ఎక్కువగా ఆధారపడేది కృష్ణా, గోదావరి నీళ్ల మీద. ఇవి వంద కిలోమీటర్లకు పైగా దూరం నుంచి పంపింగ్ చేసి తెచ్చే నీళ్లు. అందుకే కొత్త కాలనీకి నీళ్లు ఇవ్వాలంటే వీధిలో పైపు ఒక్కటీ సరిపోదు. ఆ ప్రాంతానికి రిజర్వాయర్ కావాలి, దానికి నీళ్లు మోసే పెద్ద లైన్ కావాలి, ఆ లైన్‌లో ప్రెషర్ ఉండాలి. వీటిలో ఏ ఒక్కటి లేకపోయినా కనెక్షన్ ఉండి కూడా నీళ్లు రావు.

రెండు లైన్లు, రెండు వేర్వేరు లెక్కలు

చాలామంది నల్లా, డ్రైనేజీ ఒకే కనెక్షన్ అనుకుంటారు. దరఖాస్తు ఒకేచోట ఇచ్చినా పని మాత్రం రెండు రకాలు. మంచినీరు ప్రెషర్ మీద వస్తుంది కాబట్టి పైపు కాస్త ఎత్తుపల్లాలు దాటగలదు. మురుగు అలా కాదు, వాలును బట్టి దానంతట అదే పారాలి. అపార్ట్‌మెంట్ సెల్లార్ రోడ్డు మీది మ్యాన్‌హోల్ కంటే కిందికి ఉంటే సెల్లార్ మురుగును మోటారుతో పైకి తోడాల్సిందే. కరెంటు పోయినా, మోటారు చెడిపోయినా ఆ మురుగు సెల్లార్‌లోనే నిలుస్తుంది.

ఇంకో మోసం కూడా జరుగుతుంటుంది. సీవరేజీ లైన్ లేని చోట కొందరు బిల్డర్లు బిల్డింగ్ మురుగు పైపును వాన నీటి కాలువలో కలిపేసి ‘డ్రైనేజీ కనెక్షన్ ఉంది’ అని చెప్తారు. అది కనెక్షన్ కిందికి రాదు. ఆ మురుగు నాలాలోకి, అక్కడ్నుంచి చెరువులోకి, చివరికి మూసీలోకి పోతుంది. వానాకాలంలో కాలువ నిండితే అదే మురుగు వెనక్కి తన్ని గ్రౌండ్ ఫ్లోర్ బాత్రూముల్లోకి వస్తుంది. సైట్ చూడ్డానికి వెళ్లినప్పుడు బయటికి పోయే పైపు ఏ మ్యాన్‌హోల్‌లో కలుస్తుందో మూత తీయించి చూడటం అందుకే అవసరం.

ఒక అపార్ట్‌మెంట్‌కు ఎన్ని నీళ్లు కావాలి?

డ్రైనేజీ వ్యవస్థ ఉన్న పట్టణాల్లో మనిషికి రోజుకు 135 లీటర్లు కావాలన్నది కేంద్ర ప్రభుత్వ ప్రమాణం. మహానగరాలకు 150 లీటర్లు. తక్కువ లెక్కే తీసుకుందాం. ఐదుగురు ఉన్న ఇంటికి రోజుకు 675 లీటర్లు, అంటే 30 రోజుల నెలకు 20,250 లీటర్లు. 40 ఫ్లాట్ల అపార్ట్‌మెంట్‌కు రోజుకు 27,000 లీటర్లు.

నల్లా లేకపోతే, బోరు ఎండిపోతే ఈ నీళ్లన్నీ ట్యాంకర్ల మీదే రావాలి. 5,000 లీటర్ల ట్యాంకర్లు రోజుకు ఐదారు కావాలి. ఒక్కో ఫ్లాటు వాటా చూస్తే నెలకు నాలుగు ట్యాంకర్లు. మీ ఏరియాలో ట్యాంకర్ రేటు ఎంతో కనుక్కుని నాలుగుతో గుణించండి. లోన్ ఈఎంఐ పక్కన ఆ అంకె కూడా రాసుకోండి. ఎండాకాలంలో రేటు పెరుగుతుందన్నది మరిచిపోవద్దు.

వాడిన నీటిలో దాదాపు 80 శాతం మురుగుగా బయటికి పోతుందని ఇంజినీర్లు లెక్క వేస్తారు. అంటే అదే 40 ఫ్లాట్ల బిల్డింగ్ నుంచి రోజూ 21,600 లీటర్ల మురుగు. ఇంత మురుగును ఒక సెప్టిక్ ట్యాంకు ఎన్నాళ్లు ఆపుతుందో ఎవరికి వాళ్లు ఊహించుకోవచ్చు.

లోపల బిల్డర్ బాధ్యత, బయట బోర్డు బాధ్యత

లేఅవుట్ అయినా, అపార్ట్‌మెంట్ అయినా ప్రహరీ లోపల పైపులు, సంపు, ఓవర్‌హెడ్ ట్యాంకు, ఛాంబర్లు, వాన నీటి ఇంకుడు గుంత అన్నీ డెవలపర్ సొంత ఖర్చుతో కట్టాలి. ఇంకుడు గుంత 2002 నాటి వాల్టా చట్టం కింద తప్పనిసరి. బయట మెయిన్ లైన్ జలమండలిది. దగ్గర్లో మెయిన్ లైన్ లేకపోతే అక్కడిదాకా లైన్ వేయడానికి అయ్యే ఖర్చు ఎవరు పెట్టుకోవాలన్నదే గొడవ అవుతుంది. పెద్ద ప్రాజెక్టుల విషయంలో డెవలపర్ ముందే జలమండలి నుంచి ఫీజిబిలిటీ సర్టిఫికెట్ తీసుకుంటాడు. ఫలానా చోటికి నీళ్లు ఇవ్వడం, మురుగు తీసుకోవడం వీలవుతుందా, దానికి ఏం చేయాలి, ఎంత కట్టాలి అన్నది అందులో ఉంటుంది. ఆ కాగితం చూపించమని అడగండి. ‘అప్లై చేశాం’ అన్న మాటకు, చేతిలో ఉన్న సర్టిఫికెట్‌కు చాలా తేడా ఉంది.

ప్లాటు కొనేవాళ్లు ఇంకొకటి చూడాలి. హెచ్‌ఎండీఏ లేఅవుట్‌లో రోడ్లు, డ్రైనేజీ, నీటి పనులు పూర్తి చేస్తారన్న హామీ కోసం 15 శాతం ప్లాట్ల ఏరియాను డెవలపర్ తనఖా పెట్టాలి. పనులన్నీ అయ్యాకే ఫైనల్ లేఅవుట్ వస్తుంది. ఫైనల్ రాకముందే ‘హెచ్‌ఎండీఏ అప్రూవ్డ్’ అని చెప్పి అమ్మేస్తుంటే పైపుల పని ఎంతవరకు వచ్చిందో వెళ్లి చూడాలి. తనఖాలో ఉన్న ప్లాటు నంబర్లు కూడా తెలుసుకోవాలి.

కనెక్షన్ వచ్చే దారి

జలమండలి వెబ్‌సైట్‌లో గానీ, ఆఫీసులో గానీ కొత్త కనెక్షన్‌కు దరఖాస్తు చేసుకోవచ్చు. సమాచారం కోసం కస్టమర్ కేర్ నంబర్ 155313. సాధారణంగా సేల్ డీడ్, మంజూరైన బిల్డింగ్ ప్లాన్, ఆక్యుపెన్సీ సర్టిఫికెట్, ఆస్తి పన్ను రసీదు, ఆధార్ అడుగుతారు. తర్వాత సిబ్బంది వచ్చి మెయిన్ లైన్ ఎంత దూరంలో ఉంది, ఎంత సైజు పైపు కావాలి అని చూస్తారు. ఇండిపెండెంట్ ఇంటికి మామూలుగా 15 మిల్లీమీటర్ల కనెక్షన్ సరిపోతుంది. అపార్ట్‌మెంట్‌కు ఫ్లాట్ల సంఖ్యను బట్టి పెద్ద సైజులో ఒకే కనెక్షన్ ఇస్తారు. ఎస్టిమేట్ ప్రకారం డబ్బు కట్టాక రోడ్డు తవ్వి లైన్ కలుపుతారు, మీటర్ పెడతారు, క్యాన్ నంబర్ ఇస్తారు.

శివారు బస్తీల్లో నోటరీ కాగితం మీద ప్లాట్లు కొన్నవాళ్లు చాలామంది ఉన్నారు. ఇల్లు కట్టుకున్నంతవరకు ఆ కాగితం ఎవరూ అడగరు. రిజిస్టర్డ్ డాక్యుమెంట్, ప్లాన్ చూపించాల్సి వచ్చినప్పుడే చిక్కు వస్తుంది. ఆ అవసరంలో ఎవరో మధ్యవర్తి రాత్రికి రాత్రి లైన్ కలిపిస్తానంటాడు. అది దొంగ కనెక్షన్. విజిలెన్స్ వాళ్లు పట్టుకుంటే కనెక్షన్ కట్ చేస్తారు, జరిమానా వేస్తారు, కేసు కూడా పెడతారు. డబ్బు తీసుకున్నవాడు అప్పటికి కనిపించడు. కేసు మాత్రం ఇంటి యజమాని మీద ఉంటుంది.

ఓసీ లేకపోతే మూడింతల బిల్లు

అన్ని కాగితాల్లో ముఖ్యమైనది ఆక్యుపెన్సీ సర్టిఫికెట్. అందరూ ఓసీ అంటారు. 2012 ఏప్రిల్‌లో వచ్చిన బిల్డింగ్ రూల్స్, అంటే జీవో 168 ప్రకారం, ఓసీ చూపించకుండా కరెంటు, నీళ్లు, డ్రైనేజీ రెగ్యులర్ కనెక్షన్ ఇవ్వకూడదు. లేదంటే ఓసీ తెచ్చేదాకా మూడింతల టారిఫ్ వసూలు చేయవచ్చు. పర్మిషన్ లేకుండా కట్టిన బిల్డింగులకు కూడా ఇదే నిబంధన. ప్లాన్‌లో ఐదు అంతస్తులు చూపించి ఆరు కట్టిన బిల్డర్ తన డబ్బు తీసుకుని వెళ్లిపోతాడు. ఓసీ రాని బిల్డింగ్‌లో మూడింతల బిల్లు కట్టేది మాత్రం కొన్నవాళ్లు.

డ్రైనేజీ లైన్ లేని చోట

శివార్లలో ఇప్పటికీ చాలా కాలనీలకు సీవరేజీ నెట్‌వర్క్ లేదు. 2021లో నగరానికి 31 కొత్త మురుగు శుద్ధి కేంద్రాలు మంజూరయ్యాయి. వాటి మొత్తం సామర్థ్యం రోజుకు 1,259.5 మిలియన్ లీటర్లు. అయితే శుద్ధి కేంద్రం కట్టడం ఒకటి, మీ వీధి మురుగు అక్కడిదాకా చేరడం ఇంకొకటి. రెండింటి మధ్య ట్రంక్ లైన్ ఉండాలి.

20,000 చదరపు మీటర్లు దాటిన ప్రాజెక్టులకు 2006 నాటి కేంద్ర నోటిఫికేషన్ కింద పర్యావరణ అనుమతి కావాలి. సొంత మురుగు శుద్ధి ప్లాంటు, అంటే ఎస్‌టీపీ, అందులో షరతుగా ఉంటుంది. ప్లాంటు ఉంటే చాలదు, నడవాలి. కరెంటు, ఆపరేటర్ ఖర్చు మెయింటెనెన్స్‌లో ఎంత పడుతుందో ముందే అడగాలి.

చిన్న అపార్ట్‌మెంట్లలో సెప్టిక్ ట్యాంకే ఉంటుంది. ఇక్కడ ఒక హెచ్చరిక. సెప్టిక్ ట్యాంకులోకి గానీ, మ్యాన్‌హోల్‌లోకి గానీ రక్షణ పరికరాలు లేకుండా మనిషిని దింపడం 2013 నాటి చట్టం కింద నేరం. దింపించినవాళ్ల మీద కూడా కేసు ఉంటుంది. మురుగు శుభ్రం చేస్తూ చనిపోయినవారి కుటుంబానికి 30 లక్షల రూపాయల పరిహారం ఇవ్వాలని సుప్రీంకోర్టు 2023 అక్టోబర్‌లో చెప్పింది. డబ్బు తక్కువ అవుతుందని కూలీని పిలిచి దింపే బదులు వాక్యూమ్ లారీని పిలవాలి. అసోసియేషన్ పెద్దలు ఈ మాట వాచ్‌మన్‌కు కూడా గట్టిగా చెప్పి ఉంచాలి.

రెరాలో కొనేవారికి ఉన్న హక్కులు

500 చదరపు మీటర్లు గానీ, 8 ఫ్లాట్లు గానీ దాటిన ప్రాజెక్టు రెరాలో రిజిస్టర్ కావాలి. 2016 నాటి ఈ చట్టం సెక్షన్ 19 ప్రకారం నీళ్లు, శానిటేషన్, కరెంటు పనులు ఏ దశలో ఎప్పుడు పూర్తవుతాయో తెలుసుకునే హక్కు కొనేవారికి ఉంది. ఫ్లాట్ అప్పగించేదాకా నీటి, కరెంటు బకాయిలు కట్టాల్సింది ప్రమోటరే. అప్పగించిన ఐదేళ్లలోపు నిర్మాణంలో గానీ, సేవల ఏర్పాటులో గానీ లోపం బయటపడితే ఫిర్యాదు చేసిన 30 రోజుల్లో సొంత ఖర్చుతో సరిచేయాలని సెక్షన్ 14 చెప్తోంది. పైపులు ఎక్కడెక్కడ పోయాయో చూపే ప్లాన్లు, ఇతర కాగితాలు అసోసియేషన్‌కు ఇవ్వాలి. ఫిర్యాదు నోటిమాటగా కాకుండా రాతపూర్వకంగా ఉంటేనే తర్వాత పనికొస్తుంది. బ్రోచర్‌ను కూడా పారేయకుండా దాచుకోండి. అందులో రాసిందంతా బిల్డర్ ఇచ్చిన మాటే.

కనెక్షన్ వచ్చాక

హైదరాబాద్‌లో 2021 జనవరి నుంచి గృహ కనెక్షన్లకు నెలకు 20,000 లీటర్ల నీరు ఉచితం. అపార్ట్‌మెంట్‌లో ఒక్కో ఫ్లాటుకు ఈ లెక్క. పనిచేసే మీటర్ ఉండాలి, క్యాన్ నంబర్‌కు ఆధార్ లింక్ కావాలి. స్లమ్ బస్తీలకు మీటర్ మినహాయింపు ఉంది. ఫ్లాట్ ఓనర్లలో కొందరే లింక్ చేస్తే మిగతావారి వాటాకు బిల్లు వస్తుంది. దాన్ని అందరూ పంచుకోవాల్సి వచ్చినప్పుడు తగాదాలు మొదలవుతాయి.

నల్లా లైన్‌కు నేరుగా మోటారు బిగించడం నేరమే కాదు, ప్రమాదం కూడా. మోటారు లాగినప్పుడు పైపుకు ఎక్కడైనా చిన్న పగులు ఉంటే చుట్టూ ఉన్న మురుగు లోపలికి వస్తుంది. 2009 మేలో భోలక్‌పూర్‌లో కలుషిత నీళ్లు తాగి పలువురు ప్రాణాలు పోగొట్టుకున్నారు. నీళ్ల లైన్, మురుగు లైన్ దగ్గరదగ్గరగా ఉన్న ఇరుకు గల్లీల్లో ఈ భయం ఎప్పుడూ ఉంటుంది. అందుకే కొత్త బిల్డింగ్‌లో మంచినీటి పైపు, మురుగు పైపు మధ్య దూరం ఉందా, మంచినీటి పైపు పైన ఉందా అని పైపులు పూడ్చక ముందే చూడాలి. టెర్రస్ మీది వాన నీటిని డ్రైనేజీలో కలపకూడదు. అది ఇంకుడు గుంతలోకి పోవాలి.

అడ్వాన్స్ ఇచ్చే ముందు ఒక సాయంత్రం ఆ వీధికి వెళ్లి రండి. పక్క బిల్డింగ్‌లో ఉంటున్నవాళ్లను అడగండి. నల్లా ఎన్ని రోజులకు ఒకసారి వస్తుంది, ట్యాంకర్ ఎన్నిసార్లు పిలుస్తున్నారు, వానొస్తే మ్యాన్‌హోల్ పొంగుతుందా? బ్రోచర్‌లో ఉండని జవాబులు అక్కడ దొరుకుతాయి.